వాల్యూమ్ అంటే వాల్యూమే

ఆస్తి దస్తావేజుల శాఖ ప్రధాన కార్యాలయానికి కొత్త స్టోరేజీ యంత్రం లారీలో వచ్చిన రోజున బెజవాడలో ఎండ మాడు పగలగొడుతోంది. అయినా సిస్టమ్ ఎనలిస్టు నీలవేణి గొడుగు కూడా లేకుండా గేటు దాకా ఎదురెళ్లి, పెళ్లివారిని బస్సులోంచి దించుకున్నంత ముచ్చటగా దాన్ని దింపించుకుంది.

మనిషెత్తు పెట్టె. అందులో తొంభై ఆరు డిస్కులు. రాష్ట్రంలో ఎవరు ఏ మూల సెంటు స్థలం కొన్నా, అమ్మినా, అన్నదమ్ములు పంచుకున్నా, ఆ కాగితం స్కాన్ కాపీ చివరికి వచ్చి చేరవలసింది ఈ డిస్కుల్లోకే. పాత యంత్రం ముసలిదైపోయింది. ఒక్క నకలు తీసి ఇవ్వడానికి అరగంట మూలిగేది. ఆ అరగంటా జనం కౌంటర్ల ముందు నిలబడి, కనబడని సర్వరుకు పెట్టవలసిన తిట్లన్నీ కనబడే గుమస్తాకు పెట్టేవారు.

నీలవేణి సంబరానికి కారణం మాత్రం జనం కాదు. ఆమె బదిలీ అర్జీ మీద కమిషనర్ త్రివిక్రమరావుగారు ఆకుపచ్చ సిరాతో ఒక వాక్యం రాశారు: "కొత్త సర్వరు సక్రమముగా నడచిన పిమ్మట పరిశీలించవచ్చును." భర్త అప్పలసూరి టెక్కలిలో బడిపంతులు. ఐదేళ్ల కూతురు సిరి అతని దగ్గరే ఉంటోంది. నీలవేణి మూడేళ్లుగా బెజవాడలో ఆడవాళ్ల హాస్టల్లో ఉంటూ, పండక్కీ పబ్బానికీ వెళ్లి వస్తోంది. వచ్చే ఏడు జూన్‌లో సిరి ఒకటో తరగతిలో చేరుతుంది. ఆ రోజున తానే దాని తల దువ్వి, రెండు జడలు వేసి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లాలి. ప్రభుత్వం నుంచి ఆమె కోరేది అంతకుమించి ఏమీ లేదు.

పని కూడా పెద్దదేం కాదు. డిస్కులన్నిటినీ కలిపి ఒక్క కుప్ప చెయ్యాలి. ఆ కుప్పలోంచి నాలుగైదు పెద్ద భాగాలు చెయ్యాలి. వాటినే కంప్యూటరు భాషలో వాల్యూములంటారు. ఏ దస్తావేజు వచ్చినా చిన్నచిన్న ముక్కలై డిస్కులన్నిటి మీదా పరుచుకుంటుంది. ఎవరైనా అడిగినప్పుడు డిస్కులన్నీ కలిసి ఒక్క పట్టున అందిస్తాయి. యంత్రం బిగించడానికి కంపెనీ పంపిన ఇంజనీరు ఇంతియాజ్ "రెండ్రోజుల పని మేడమ్" అన్నాడు. 

అయితే ప్రభుత్వాఫీసులో గోడకు మేకు కొట్టాలన్నా ఫైలు నడవాలి కదా. నీలవేణి నోటు రాసింది: "కొత్త స్టోరేజీ నందు పెద్ద పరిమాణము గల వాల్యూములు తెరచుటకు అనుమతి కోరడమైనది." ఆ మాట రాయకుండా ఉంటే బాగుండేదని ఆమె తరువాత చాలాసార్లు అనుకుంది.

ఎందుకంటే ఆ శాఖలో నూరేళ్లకు పైగా వాల్యూమ్ అనే మాటకు ఒకటే అర్థం. తోలు వీపు, అట్ట ఒళ్లు, లోపల వరస అంకెలు వేసిన పుటలు ఉన్న లావుపాటి పుస్తకం. దస్తావేజులన్నిటినీ చేత్తో అందులోకి ఎక్కించేవారు. ఆ పుస్తకాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి గానీ, వాటి గురించిన నిబంధనలు ఎక్కడికీ పోలేదు. అవి శాఖ మాన్యువల్లో, మాన్యువల్ చీఫ్ సూపరింటెండెంట్ పానకాలరావు బల్ల మీద భద్రంగా ఉన్నాయి.

పానకాలరావు చెడ్డవాడు కాదు. మంగళగిరి నుంచి రోజూ కూజా నిండా మజ్జిగ తెచ్చి, వచ్చినవాళ్లందరికీ పోసేవాడు. ఎవరి మీదా కోపం లేదు, ఎవరి దగ్గరా చెయ్యి చాచడు. మాన్యువల్‌ను మాత్రం ఎవరు ఒక్క మాట అన్నా ఊరుకోడు.

"రా అమ్మాయ్, కూర్చో," అన్నాడు గ్లాసు అందిస్తూ. "పెద్ద వాల్యూములు తెరుస్తానన్నావు. సంతోషం. ఒక్కోదానికి ఎన్ని పుటలు?"

"పుటలు ఉండవండీ. ఇది కంప్యూటర్ వాల్యూమ్. డిస్కుల్లో కొంత చోటుకి పెట్టుకునే పేరంతే."

"పుటలు లేకుండా వాల్యూమేమిటే తల్లీ? ఇదిగో, తొమ్మిదో అధ్యాయం చూడు. 'ప్రతి వాల్యూమును తెరచు అధికారి, అందు ఎన్ని పుటలు గలవో స్వయముగా లెక్కించి, మొదటి పుటపై ధ్రువపత్రము వ్రాసి, ముద్ర వేయవలెను.' స్వయముగా అన్నాడు. నేను ఇవాళ రాసింది కాదు, నువ్వూ నేనూ పుట్టకముందు రాసింది."

"అది పుస్తకాల గురించి కదండీ!"

"వాల్యూమ్ గురించి. నువ్వు నోటులో రాసిందీ వాల్యూమనే."

"పోనీండి," అంది నీలవేణి, "ఆ మాట కొట్టేసి వేరే పేరు రాస్తాను. దీన్ని లన్ అని కూడా అంటారు."

పానకాలరావు మొహంలో నిజమైన జాలి కనిపించింది. "లన్ను మాన్యువల్లో లేదు. మాన్యువల్లో లేనిదానికి గది ఇవ్వరు, కరెంటు ఇవ్వరు, రేపు ఆడిట్ వాళ్లొస్తే అదెక్కడి సొమ్మని నిన్నే అడుగుతారు. నీ మంచికే చెబుతున్నా. వాల్యూమ్ అంటే వాల్యూమే. తాగు, మజ్జిగ వేడెక్కుతోంది."

వారం తిరగకుండా కమిషనర్ గారు ఒక ఉన్నతస్థాయి సంఘాన్ని వేశారు. దాని పేరు నిల్వ యంత్ర వాల్యూముల ప్రారంభ, ధ్రువీకరణ, పరిరక్షణ సంఘం. పేరు చదవడం పూర్తయ్యేసరికి మొదటి సమావేశంలో జీడిపప్పు పళ్లెం ఖాళీ అయింది.

"మిత్రులారా," అన్నారు త్రివిక్రమరావుగారు, "సాంకేతికత మనకు సేవకురాలు మాత్రమే. నిబంధన మనకు తల్లి. సేవకురాలి కోసం తల్లిని వదులుకునే శాఖ కాదు మనది." ఆయన మామూలుగా మాట్లాడినా ఎక్కడో శిలాఫలకం తయారవుతున్నట్టే ఉండేది.

పానకాలరావు లేచి చదివాడు: "'ఒక డివిజను వాల్యూములను మరియొక డివిజను బీరువాలో ఉంచరాదు.'"

"అంటే, డివిజనుకొక డిస్కు," అన్నారు కమిషనర్ గారు.

ఇంతియాజ్ కుర్చీలో ముందుకు జరిగాడు. "సార్, అలా చేస్తే ఒక డిస్కు చస్తూ ఉంటుంది, పక్క డిస్కు పడుకుని ఉంటుంది. పెళ్లిలో వడ్డన చూడండి. మనిషికో విస్తరి అప్పజెప్పి నిలబెట్టరు కదా. అందరూ అన్ని విస్తళ్లకీ వడ్డిస్తేనే బంతి తొందరగా లేస్తుంది. దస్తావేజుని ముక్కలు చేసి అన్ని డిస్కులకీ పంచితే..."

కమిషనర్ గారు చేతిలోని కలం బల్ల మీద పెట్టారు.

"ముక్కలు చేసి?" అన్నారు కమిషనర్ గారు మెల్లగా. "రిజిస్టరయిన దస్తావేజును?"

"కనబడని ముక్కలు సార్. మళ్లీ అవే అతుక్కుంటాయి."

"ఇంతియాజ్ గారూ, మీరు కుర్రవారు. దస్తావేజును ముక్కలు చేసినవాడికి ఎన్నేళ్ల శిక్షో మీకు తెలియదు. ఓడరేవు డివిజను దస్తావేజు ముక్క వెళ్లి అడవి డివిజను డిస్కులో పడితే, ఆ ముక్కకు బాధ్యులెవరు? ముక్క మీద ముద్ర ఎవరు వేస్తారు?"

ఇంతియాజ్ నీలవేణి వైపు చూశాడు. నీలవేణి నోరు తెరవబోయి, బదిలీ అర్జీ మీది ఆకుపచ్చ సిరా గుర్తొచ్చి, మూసుకుంది. యంత్రం నడవాలంటే ముందు అది మొదలవ్వాలి కదా అనుకుంది. పైగా డివిజనుకు ఒకటి చొప్పున నలభై ఎనిమిది డిస్కులు పోతే, మిగతా నలభై ఎనిమిదింటిలో యంత్రం తన అలవాటు కొద్దీ ప్రతిదానికీ జంట ప్రతి రాసుకుంటుంది. ఒక డిస్కు చెడినా జంట ఆదుకుంటుంది. ఆ సంగతి సంఘంలో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పెట్టెకు పసుపు రాసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. ధ్రువపత్రం మొదటి పుట మీద ఉండాలన్నారు గదా, డిస్కుకు మొదటి పుట ఏదన్న చర్చ వచ్చింది. ఎదురుగా కనబడే ముఖమే మొదటి పుటగా భావించవలెనని కమిషనర్ గారు రూలింగు ఇచ్చారు. ప్రతి డిస్కు ముఖం మీదా "ఈ వాల్యూము నందలి పుటలు సరిగానున్నవి" అనే కాగితం జిగురుతో అతికించి, నాలుగు మూలలా లక్క ముద్రలు వేశారు. డిస్కుల ముఖానికి చిన్నచిన్న కన్నాలుంటాయి, వాటిలోంచే అవి గాలి పీల్చుకుంటాయి. ఆ మాట నీలవేణి చెబితే, "గాలి కోసం ఏసీలున్నాయిగా అమ్మాయ్," అన్నాడు పానకాలరావు. ఏసీలు పెంచారు. ఆ మే నెలలో బెజవాడ మొత్తానికి స్వెటర్లు వేసుకుని పనిచేసింది ఆ ఒక్క గది వాళ్లే.

ఇంతియాజ్ చెప్పినట్టే అయింది. ఓడరేవు డివిజనులో రోజుకు వెయ్యి దస్తావేజులు. దాని డిస్కు ఒక్కతే ఎర్ర దీపం పెట్టుకుని రొప్పేది. అడవి డివిజనులో వారానికి రెండో మూడో. దాని డిస్కు హాయిగా నిద్రపోయేది. ఓడరేవులో నకలుకు అరగంట పట్టేది కాస్తా పూట పట్టడం మొదలైంది.

సమీక్షలో కమిషనర్ గారు దీన్ని సిబ్బంది సమస్యగా గుర్తించారు. అడవి డిస్కును ఓడరేవుకు డిప్యుటేషన్ మీద పంపుతూ ఉత్తర్వులు వెలువడ్డాయి. దాని ప్రకారం ఒక అటెండరు ఆ డిస్కును పీకి ఓడరేవు డిస్కు పక్క అరలో దోపాడు. కొత్తచోట కూడా అది నిద్రే పోయింది. నెల తరువాత డిప్యుటేషన్ గడువు ముగిసి స్వస్థానానికి తిరిగొచ్చింది. ఓడరేవు డిస్కుకు మాత్రం ఒత్తిడి దృష్ట్యా ఆదివారాలు పూర్తి సెలవు ఇచ్చారు.

నీలవేణి ఇంటికి ఫోన్ చేస్తే సూరి ఎత్తాడు. "ఏటయ్యింది మరి నీ సర్వరు?"

"నడుస్తోంది. కుంటుతోంది."

"ఇదిగో, పాపతో మాట్లాడు."

సిరి గొంతు సన్నగా వచ్చింది. "అమ్మా, మీరు తిన్నారా?"

పోయిన నెల దాకా 'నువ్వు' అన్న పిల్ల. కాసేపటికి సూరి ఫోన్ తీసుకుని ఇబ్బందిగా అన్నాడు: "నువ్వనమ్మా అంటే సిగ్గుపడతంది. ఇంటికొచ్చే కొత్తోళ్లని మీరు అనాలని నేనే నేర్పాను మరి. అందరికీ అదే అనీస్తంది." ఆ రాత్రి హాస్టల్లో ఆమెకు అన్నం సయించలేదు.

అక్టోబరులో, కాగితం అతికించి ఊపిరాడకుండా చేసిన డిస్కుల్లో ఒకటి వేడెక్కి చచ్చిపోయింది. కొత్తది తెచ్చి దోపేదాకా జంట డిస్కు అందుకుంది. ఒక్క కాగితం కూడా పోలేదు. ఈ ఒక్క మంచి కబురైనా పైకి తెలియాలని, నీలవేణి ఉత్సాహంగా నోటు పెట్టింది: "జంట ప్రతి ఉన్నందున నష్టము వాటిల్లలేదని తెలియజేయడమైనది."

తన గొయ్యి తానే తవ్వుకుంది. మర్నాడే మెమో వచ్చింది. "అసలు దస్తావేజులకు, ఎవరి అనుమతి లేకుండా, రుసుము చెల్లించకుండా, నిజ నకలు అను ధ్రువీకరణ లేకుండా, రెండవ ప్రతులను రహస్యముగా తయారుచేయుచున్నట్లు మీ నోటు ద్వారానే వెల్లడైనందున, మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలసినది."

"నేను చెయ్యలేదండీ, యంత్రమే చేసుకుంటుంది," అంది పానకాలరావుతో, మెమో అతని ముందు పెట్టి.

"యంత్రానికి గెజిటెడ్ హోదా ఉందా?" అన్నాడతను. తరువాత ఆమె మొహం చూసి మెత్తబడ్డాడు. "ఏడవకమ్మా. నువ్వు దొంగ నకళ్లు తీశావని నేననుకుంటానా? మాన్యువల్లోనే దారుంది. ప్రతి నకలునూ ఒక గుమస్తా చదవాలి, ఒక అధికారి సరిచూడాలి, సరిపోయిందని చేవ్రాలు చెయ్యాలి. అలా చేస్తే నకలు దోషం లేనిదవుతుంది, నువ్వూ దోషం లేనిదానివవుతావు."

అలాగే చేశారు. యంత్రం గది బయట రెండు కుర్చీలు, ఒక తెర, ఒక మీట పెట్టారు. యంత్రం అసలు డిస్కులో ఒక ముక్క రాయగానే ఆగుతుంది. అది తెర మీద అంకెలుగా కనబడుతుంది. గుమస్తా ఒకటి, సున్నా, సున్నా, ఒకటి అని పైకి చదువుతాడు. అధికారి "సరిపోల్చడమైనది" అనే మీట నొక్కుతాడు. అప్పుడు జంట డిస్కులోకి వెళుతుంది. ఇద్దరూ నిజాయితీపరులే కావడం వల్ల పని ఇంకా ఆలస్యమయ్యేది. అధికారి టీకి లేస్తే రాష్ట్రంలో కౌంటర్లన్నీ ఆగేవి. ఆయనకు మధుమేహం కూడా ఉండడం వల్ల తరచుగా లేచేవాడు. జిల్లాల్లో జనం రిజిస్ట్రేషనుకు వచ్చేటప్పుడు క్యారేజీలూ, చాపలూ తెచ్చుకోవడం నేర్చుకున్నారు.

ఇంతియాజ్ కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోతూ, "మేడమ్, ఇరవై ఊళ్లలో ఈ పెట్టె బిగించాను. ఇంత ఖరీదైన పెట్టెని ఇంత నెమ్మదిగా నడపడం ఇంకెవరికీ చేతకాలేదు," అన్నాడు. అందులో వెటకారం లేదు. ఒక ఇంజనీరుగా నిజంగానే ఆశ్చర్యపోయాడు.

డిసెంబరు చివరికి వచ్చేసరికి పానకాలరావు మాన్యువల్ పట్టుకుని తానే యంత్రం గదికి వచ్చాడు. "ఏడాది ముగిసింది కదా అమ్మాయ్, వాల్యూములు మూసెయ్యాలి. మిగిలిన పుటల మీద అడ్డగీత కొట్టి 'ఖాళీ' అని రాయాలి. లేకపోతే ఎవడైనా తరువాత అందులో దొంగ దస్తావేజు ఎక్కిస్తాడు."

నీలవేణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి నేరుగా కమిషనర్ గారి గదికి వెళ్లింది.

"సార్, డిస్కులో ఖాళీ చోటు ఉంటేనే అది మెసలగలదు. దాన్ని నింపేస్తే మొత్తం ఆగిపోతుంది. ఒక్క దస్తావేజు కూడా ఎక్కదు."

"నింపమని ఎవరన్నారమ్మా? ఖాళీగా ఉన్నదని ధ్రువీకరించమంటున్నాం."

"ఖాళీ అని రాస్తే అది ఖాళీగా ఉండదు సార్!"

కమిషనర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీలవేణీ, ఆ వాక్యం తత్వశాస్త్రంలో ఒప్పుకుంటాను. పరిపాలనలో ఒప్పుకోను. మీ బదిలీ అర్జీ నా బల్ల మీదే ఉంది. నా మనసులోనూ ఉంది. సర్వరు సక్రమముగా, అంటే నిబంధన ప్రకారం నడవనివ్వండి."

ఆమె బయటికి వచ్చి వరండాలో నిలబడింది. ఉద్యోగం మొహాన కొట్టి టెక్కలి రైలెక్కాలనిపించింది. సూరి జీతంలో సగం ఇంటి అప్పుకే పోతుందని గుర్తొచ్చి, మళ్లీ లోపలికే వెళ్లింది. ఖాళీ చోటంతా ఖాళీ, ఖాళీ, ఖాళీ అని తానే రాయించింది. డిస్కులన్నీ అంచుల దాకా నిండాయి. ఆ తరువాత, మూసిన వాల్యూములు రికార్డు గదికి చేరాలన్న నిబంధన ప్రకారం, నలభై ఎనిమిది అసలు డిస్కులనూ పీకి, ఎర్రగుడ్డలో మూటలు కట్టి, ఇనప బీరువాల్లో పెట్టి తాళం వేశారు. నకళ్లకు రికార్డు గదిలో చోటు లేదు కాబట్టి, జంట డిస్కులు మాత్రం పెట్టెలోనే ఉండిపోయాయి.

కొత్త సంవత్సరం మొదటి పనిదినాన రాష్ట్రంలో ఒక్క రిజిస్ట్రేషనూ జరగలేదు. రెండో రోజూ జరగలేదు. మూడో రోజు పేపర్లో పడింది. నాలుగో రోజు సచివాలయం నుంచి ఫోన్ వచ్చింది. కమిషనర్ గారు నీలవేణిని పిలిచి, మొదటిసారిగా ఉపమానాలేవీ లేకుండా, "ఏదో ఒకటి చెయ్యమ్మా," అన్నారు.

ఆమె పానకాలరావు దగ్గరికి వెళ్లి మాన్యువల్ అరువడిగింది. ఇన్నాళ్లూ దాన్ని ఎదిరించిందే తప్ప చదవలేదు. ఇప్పుడు అట్ట నుంచి అట్ట దాకా చదివింది. వాల్యూము గురించి అధ్యాయాలకు అధ్యాయాలున్నాయి. సీసా సిరా గురించి కూడా నాలుగు పేరాలున్నాయి. చివర్లో, పొదుపు అనే శీర్షిక కింద, ఒకే ఒక్క వాక్యం ఉంది: "ఏడాది ముగిసిన నకళ్లను చిత్తు పనికి వాడుకొనవచ్చును." చిత్తుకు పుటలు లెక్కించాలని లేదు. ముద్ర లేదు. సరిచూడడం లేదు. ఏ డివిజను చిత్తు ఎక్కడ ఉండాలో లేదు. చిత్తును చించవచ్చా, అతికించవచ్చా అన్న మాటే లేదు. 

నీలవేణి నోటు రాసింది: "ఏడాది ముగిసిన నకళ్లను అన్నిటినీ కలిపి చిత్తు పనికి వాడుకొనుటకు అనుమతి కోరడమైనది." సంవత్సరమంతా ఆమె రాసిన నోట్లలో గంటలోపు తిరిగొచ్చింది అదొక్కటే. పానకాలరావు పక్కన "పొదుపు దృష్ట్యా అభినందనీయము" అని కూడా రాశాడు.

ఆమె జంట డిస్కుల ముఖాల మీది కాగితాలు పీకేసింది. నలభై ఎనిమిదింటినీ ఒక్క కుప్ప చేసింది. ఖాళీ అన్న మాటల్ని తుడిచేసింది. దస్తావేజులన్నిటినీ ముక్కలు చేసి అన్ని డిస్కుల మీదా పరిచింది. ఒక డిస్కు చెడినా తట్టుకునే ఏర్పాటు చేసింది. కావలసినంత చోటు మెసలడానికి వదిలింది. దానికి చిత్తు అని పేరు పెట్టింది.

మర్నాడు ఓడరేవు డివిజనులో ఒక పెద్దాయన నకలు అడిగి, చాప పరుచుకుని కూర్చోబోతుంటే, గుమస్తా కాగితం చేతిలో పెట్టాడు. పెద్దాయన నమ్మలేదు. ఇది దొంగ నకలేమోనని పక్క కౌంటరులో ఇంకోటి తీయించుకున్నాడు. అదీ అంత తొందరగానే వచ్చింది. 

మూడు నెలలు తిరిగేసరికి శాఖకు వేగానికి ఒక జ్ఞాపిక వచ్చింది. రాష్ట్రంలోని ఆస్తులన్నీ చిత్తులో నడుస్తున్నాయని జ్ఞాపిక ఇచ్చినవాళ్లకు తెలియదు, పుచ్చుకున్నవాళ్లు అడగలేదు. కమిషనర్ గారు ప్రసంగంలో, "నిబంధనను నమ్ముకున్నవారిని వేగం దానంతట అదే వెతుక్కుంటూ వస్తుంది," అన్నారు. చప్పట్లు మోగాయి. పానకాలరావైతే తన వాల్యూములు నలగకుండా, మాయకుండా ఎర్రగుడ్డలో ఉన్నందుకు ఎంతో మురిసిపోయాడు.

అన్న మాట ప్రకారం కమిషనర్ గారు ఏప్రిల్లో బదిలీ ఉత్తర్వు మీద సంతకం చేశారు. టెక్కలికే. నీలవేణి ఉత్తర్వును రెండుసార్లు చదువుకుని, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంది. సిరి కోసం రిబ్బన్లు కొంది. రైలు టికెట్ తీసుకుంది. ఆమె స్థానంలో భూషణం అనే ఆయన వచ్చాడు. పద్ధతైన మనిషి. మొదటి మాటే, "అప్పగింతలు మొదలుపెడదామా మేడమ్?" అన్నాడు.

"చిత్తు ఇదిగోండి," అంది నీలవేణి, యంత్రం చూపించి. రాష్ట్రంలో ప్రతి ఇల్లూ, ప్రతి పొలమూ అందులో ఉన్నాయి. సరిచూసుకుంటాడేమోనని పాస్‌వర్డులు రాసిన కాగితం కూడా చేతికివ్వబోయింది.

"చిత్తుకి అప్పగింతేమిటమ్మా," అని నవ్వాడు పానకాలరావు. "బల్ల మీద పడేసి రా. వాల్యూములు అప్పజెప్పు." అని మాన్యువల్ తెరిచాడు. "'వాల్యూముల సంరక్షకులు బదిలీ అయిన యెడల, కొత్తవారు ప్రతి వాల్యూమును పుట పుటగా లెక్కించి, సరిగానున్నవని ఇరువురూ చేవ్రాలు చేసిన పిమ్మటనే, పాతవారిని విడుదల చేయవలెను.'"

"పుట పుటగానా?" అంది నీలవేణి.

"ఖాళీ పుటలతో సహా," అన్నాడు పానకాలరావు. ఆమె బాధ చూడలేక, రోజూ ఇద్దరికీ మజ్జిగ తానే పంపుతానన్నాడు.

ఎర్రగుడ్డల మూటలు విప్పారు. అక్షర క్రమంలో మొదటిది అడవి డివిజను. డిస్కును ఒక కంప్యూటరుకు తగిలించి, భూషణం తెర ముందు కూర్చున్నాడు, నీలవేణి పక్కన కూర్చుంది. అడవిలో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ తక్కువ కాబట్టి, దస్తావేజులు నాలుగు పూటల్లోనే అయిపోయాయి. తరువాతదంతా ఆమె డిసెంబరులో రాయించినదే. భూషణం ఒక్క పుట కూడా దాటవేసే రకం కాదు. సంతకం పెట్టేవాడు తాను కదా, తప్పు పట్టడానికీ లేదు. ఏప్రిల్ పోయింది, మే పోయింది. రైలు టికెట్ రెండుసార్లు మార్చి, మూడోసారి రద్దు చేసుకుంది. ఇంకా అడవి డివిజను పూర్తి కాలేదు. 

జూన్‌లో బళ్లు తెరిచిన రోజు పొద్దున్న ఫోన్ మోగింది. సూరి జడలు వేశాడట, ఒకటి పైకీ ఒకటి కిందికీ వచ్చాయట. ఆ మాట చెప్పి పాపకిచ్చాడు.

"అమ్మా, నేను బడికెళ్తన్నాను."

"వెళ్లు బంగారూ. ఏడవకేం."

"అక్కడ పనేటి?"

"లెక్కపెడుతున్నానమ్మా."

"ఏటి లెక్క?"

"ఖాళీ," అంది నీలవేణి.

"ఇంకా ఉందా ఖాళీ?"

"చాలా ఉంది తల్లీ."

ఖాళీ అన్న మాట సిరికి ఒక్కటే అర్థంలో తెలుసు. "అంత ఖాళీ ఉంటే వచ్చీయొచ్చు కదా!" అంది.

నీలవేణి ఫోన్ అలాగే చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. పక్కన భూషణం కళ్లజోడు సర్దుకుని తరువాతి పుట తెరిచాడు.

"ఖాళీ," అన్నాడు.

"సరి," అంది నీలవేణి.